నిమిషం ఖరీదెంత?

ఊరెళ్ళేవాళ్ళకి ఏమేం కట్టివ్వాలో మన ఆడవాళ్ళకి వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. తిరుపతి ప్రయాణమైతే పులిహోర, కాశీ ప్రయాణమైతే అటుకులూ పేలపిండీ, అమెరికా ప్రయాణమైతే ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి. ఏ సీసా మూత వదులుగా వుందో, ఏ పొట్లం పెట్టెని ఇరవైమూడు కిలోలు దాటిస్తుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తాం. కాని పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకునే వస్తువొకటి వుంది. దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అక్కడికెళ్ళాక అల్లుడు చూసుకుంటాడులే" అని వూరుకుంటాం. అదే సెల్‌ఫోను. దేశంకాని దేశంలో అది మాట్లాడాలంటే ఎంతవుతుంది, అంతెందుకవుతుంది అనే ప్రశ్నకి చాలా పెద్ద కథే వుంది. ఆ కథ చెప్పటానికి చేవెళ్ళ, మొయినాబాద్‌లకన్నా తగిన చోటు నాకు తోచలేదు.

ఎందుకంటారా? హైదరాబాదు నించి బీజాపూరు వైపు వెళ్ళే పాత రోడ్డు మీద వున్నాయి ఈ రెండు వూళ్ళూ. దారికి అటూ ఇటూ కొమ్మలు కలుపుకున్న పెద్ద పెద్ద మర్రిచెట్లు ఆ రోడ్డుకి పేరు తెచ్చాయి. మొయినాబాద్ మండలంలోనే, గండిపేట చెరువు వొడ్డున, చిలుకూరు బాలాజీ గుడి వుంది. హుండీ లేని గుడి అది. కోరిక చెప్పుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. ఆ స్వామికి 'వీసా బాలాజీ' అని పేరు పడిందన్న సంగతి మీకు నేను చెప్పాలా? 1990ల చివర కంప్యూటరు చదువులు చదివిన పిల్లలు అమెరికాకి బారులు తీరినప్పుడు ఆ పేరు దేశమంతా పాకింది. అప్పట్లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు కూడా లేదు, 2008లో గాని రాలేదు. వీసాకి మద్రాసు వెళ్ళాలి, వెళ్ళే ముందు చిలుకూరు వెళ్ళాలి.

పిల్లల వెనకే ప్రదక్షిణలు చేసే తల్లుల్ని చూస్తే మాత్రం నాకు ఇంకో సంగతి తోచేది. ఆ పిల్ల వెళ్ళటానికి దేవుడు సాయం చేస్తాడు సరే, వెళ్ళిన తరవాత ఆ తల్లి పిల్లతో మాట్లాడాలంటే ఎవరు సాయం చేస్తారు?

మొదట్లో ఎవరూ చెయ్యలేదు. బొంబాయికీ లండనుకీ మధ్య రేడియో తరంగాల మీద టెలిఫోను 1933లోనే వచ్చింది. అది సర్కారు దొరలకీ పెద్ద పెద్ద వర్తకులకీ. మనబోటివాళ్ళకి వుత్తరమే గతి. సీమకి వెళ్ళిన కొడుకు రాసిన నీలం రంగు ఏరోగ్రాము అంచులు చిరగకుండా విప్పటం ఒక విద్య. తొందరపడి చింపితే, మడతలో ఆఖరున రాసిన "అమ్మకి నమస్కారాలు" కాస్తా చిరిగి వూరుకునేది.

తరవాతిది ట్రంకాల్ కాలం. బుక్ చేసి కూచోవాలి. మామూలుది, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. రేటు పెరిగిన కొద్దీ నిరీక్షణ తగ్గేది. పొద్దున్న బుక్ చేస్తే సాయంత్రం మోగేది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి అరిచి మాట్లాడేవాళ్ళు. నంబరు మనమే తిప్పుకుని నేరుగా మాట్లాడే ఎస్.టి.డి. మనదేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలయింది. విదేశాలకి అలా తిప్పుకునే ఐ.ఎస్.డి. 1976లో బొంబాయి, లండన్ల మధ్య వచ్చింది. సదుపాయమయితే పెరిగింది గాని ధర దిగలేదు.

దిగకపోవటానికి కారణం మన వీధి గుమ్మంలోనే వుంది. వీధిలోకి కూరల బండి ఒక్కటే వచ్చిన రోజున వంకాయల ధర బండివాడు చెప్పిందే. నాలుగు బండ్లు వచ్చిన రోజున మనం అడిగిందే. విదేశాల టెలిఫోనుకి మన దేశంలో బండి ఒక్కటే: ప్రభుత్వం వారి ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీసు. 1986లో అదే విదేశ్ సంచార్ నిగమ్‌గా మారింది. పేరు మారింది గాని బండి ఒక్కటే. అవతలి దేశంలో కూడా చాలాచోట్ల అంతే. ఇటు వాటా ఇటు, అటు వాటా అటు పంచుకునేవారు. పైగా ప్రభుత్వం వారి లెక్క ఒకటుండేది: విదేశాలకి మాట్లాడేవాడు కలవాడు, వాడి దగ్గర ఎక్కువ తీసుకుంటే లోకల్ కాలు చవగ్గా ఇవ్వచ్చు. వినటానికి న్యాయంగానే వుంది. కాని విదేశాలకి మాట్లాడేది ఎప్పటికీ కలవారేనా?

1973లో చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాల్లో కట్టడాలు మొదలయ్యాక, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నించీ హైదరాబాదు పాతబస్తీ నించీ వేలమంది దుబాయికీ సౌదీకీ వెళ్ళారు. వాళ్ళు కలవారు కారు, కలవారు అవుదామని వెళ్ళినవారు. వుత్తరం చదవటం రాని భార్యలకి వాళ్ళు టేపురికార్డరులో మాటలు నింపి క్యాసెట్లు పంపేవారు. వచ్చేవాళ్ళ చేతికిచ్చిన క్యాసెట్టు ఇంట్లో పదిసార్లు తిరిగేది. జవాబు దాని వెనకవైపే నింపి, వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. నిమిషం ఖరీదు మరీ ఎక్కువైతే మనిషి ఎన్ని దారులు వెతుక్కుంటాడో చూడండి!

1984లో ప్రభుత్వం సి-డాట్ అనే సంస్థ పెట్టింది. శాం పిట్రోడాగారు దానికి దన్నుగా నిలబడ్డారు. మన ఎండకీ దుమ్ముకీ తట్టుకుని, ఏ.సి. గది అక్కర్లేకుండా పనిచేసే చిన్న ఎక్స్ఛేంజి వాళ్ళు తయారుచేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ తరవాతే పల్లెలకి డయల్ టోను చేరింది, పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.వో. బూతులు దేశమంతా పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని ఇవ్వటంలో వికలాంగులకీ, యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్ళకీ ముందు చోటుండేది. కొంగు బిగించి కౌంటరు ముందు కూచున్న ఆడవాళ్ళని ఎంతమందినో చూశాం మనం.

1990ల మధ్యలో మావారి వుద్యోగం చేవెళ్ళలో. బస్సుల కోసం నిలబడే చోట ఒక బూతు వుండేది. అద్దాల తలుపు, లోపల తిరగని ఫాను, గోడమీద ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు. పగలుకన్నా రాత్రి చార్జీ తక్కువ కాబట్టి రాత్రిపూట జనం ఎక్కువ. మనకి రాత్రి పదయితే అమెరికాలో పొద్దెక్కుతుంది కనక అటువాళ్ళకీ వీలే. అమెరికాకి నిమిషం మాట్లాడాలంటే యాభై రూపాయలు దాటేది ఆ రోజుల్లో. ఎర్ర అంకెల్ని చూస్తూ మాట్లాడేవాళ్ళ మొహాలు చూడాలి! మాట కొడుకుతోనూ చూపు మీటరుతోనూ.

ఒకనాటి రాత్రి పక్కవూరి నించి వచ్చిన పెద్దావిడ నాకు ముందు వరసలో వుంది. కొడుకు దుబాయిలో. కొంగుముడి విప్పి బూతు కుర్రాడినడిగింది, "నూరు రూపాయలు తెచ్చిన బిడ్డా, ఎంతసేపు మాట్లాడొచ్చు?"

"రెండు నిమిషాలు పెద్దమ్మా. మీటరు నేను చూస్త, నువ్వు మాట్లాడు."

ఆవిడ లోపలికి వెళ్ళేముందే చేతి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. బోరులో నీళ్ళు పడలేదు, ఒకటి. చెల్లె పెళ్ళి మాట కుదిరింది, రెండు. బాకీ మిత్తి, మూడు. గడగడా మూడూ చెప్పేసింది. అంతా అయిపోయాక కూడా కొంచెం సమయం మిగిలినట్టుంది, ఏం మాట్లాడాలో తెలియక "తిన్నవా బిడ్డా?" అంది. అవతల ఆ కుర్రాడు ఏమన్నాడో గాని ఆవిడ బయటికి వచ్చేటప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ప్రభుత్వం వారి లెక్కలో ఆవిడ కలవారి జాబితాలో మనిషన్నమాట!

ఇటు సంగతి ఇలా వుంటే, అటునించి మాట్లాడేవాళ్ళది ఇంకో అవస్థ. షికాగోలో వుండే మా ఆడపడుచు కూతురు కాలింగు కార్డులు కొనేది. పప్పుల కొట్టులోనే అమ్మేవాళ్ళట వాటిని. గోకితే నంబరు కనపడుతుంది. ముందొక నంబరు, తరవాత ఆ గోకిన నంబరు, ఆ తరవాత మన నంబరు, మొత్తం ముప్పై పైచిలుకు అంకెలు నొక్కితే గాని అమ్మ పలకదు. కార్డుమీద రాసిన నిమిషాలొకటి, వచ్చేవి ఒకటి. కలిపినందుకు ఇంత, వారానికింత అని కనపడకుండా కోసుకునేవాళ్ళు. చెప్పిన నిమిషాలు ఇవ్వటంలేదని అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో అలాంటి కార్డుల కంపెనీల మీద కోర్టుకి వెళ్ళిందంటే, తూకంలో మోసం మన సంతల్లోనే కాదని తెలుస్తోంది గదా!

ఇక్కడ మూడు సంగతులు దగ్గర దగ్గరగా జరిగాయి. 2002 ఏప్రిల్ 1 నించి విదేశీ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధికారం పోయింది, మిగతా కంపెనీలూ దిగాయి. ఇంటర్నెట్టు మీద మాట్లాడటానికి కూడా అప్పుడే అనుమతి వచ్చింది. మరుసటేడు ఆగస్టులో స్కైప్ పుట్టింది. ఒక్క బండి పోయి నాలుగు బండ్లు వచ్చాయి, అందులో ఒకటి వంకాయలు వూరికే ఇస్తానంటోంది! ధర కుప్పకూలక ఏమవుతుంది? తరవాత వాట్సాప్‌లో 2015లో మాట, 2016లో బొమ్మతోసహా మాట వచ్చాయి. ఆ 2016 సెప్టెంబరులోనే జియో వచ్చి మనదేశంలో డేటా ధర నేలమీదికి దించింది. స్కైప్ మాత్రం 2025 మేలో మూతపడింది. దారి చూపించినవాడు దారిలోనే ఆగిపోయాడు పాపం. అందరికీ ఒకే మేలు జరగలేదనుకోండి. అరబ్ ఎమిరేట్సులో వాట్సాప్ మాటల మీద ఏళ్ళ తరబడి ఆంక్ష వుండటంతో, ఎక్కువ అవసరమున్న మన కూలీలకే ఆ చవక అందకుండా పోయింది.

ఇంట్లో కూచుని విదేశాలకి మాట్లాడటం ఇలా చవకయింది. మరి మనమే ఫోను పట్టుకుని విదేశాలకి వెళ్తే? అది వేరే కథ. దాని పేరు రోమింగు.

1991లో ఫిన్లాండులో మొదటి జి.ఎస్.ఎం. కాలు మాట్లాడారు. సిమ్ముకార్డు పుట్టింది కూడా ఆ యేడే. మొదట్లో అది బ్యాంకు కార్డంత వుండేది. తరవాత వేలిగోరంతయింది, ఆనక బొట్టుబిళ్ళంత, ఇప్పుడు ఇ-సిమ్ అని అసలు కంటికి కనిపించకుండానే పోయింది. మరుసటేడు, 1992లో, ఫిన్లాండు కంపెనీకీ బ్రిటన్ కంపెనీకీ మొదటి రోమింగు ఒప్పందం కుదిరింది. అది పనిచేసే తీరు చాలా సులువు. మీరు పరాయి దేశంలో దిగి ఫోను తెరవగానే అక్కడి కంపెనీ, "ఈవిడ మీ మనిషేనా?" అని మన కంపెనీని అడుగుతుంది. "మా మనిషే, కానీయండి, ఖర్చు మా లెక్కలో రాయండి" అని ఇక్కడినించి జవాబు వెళ్తుంది. పెళ్ళివారింట్లో చుట్టాల పేరు చెప్పి భోంచేసినట్టన్నమాట. వాళ్ళు మన కంపెనీకి ఒక ధర వేస్తారు, మన కంపెనీ తన లాభం వేసుకుని మనకి వేస్తుంది. ఆ ఇద్దరి బేరంలో మనకి చోటులేదు. పరాయి వూళ్ళో దిగినవాడు రేటు నచ్చలేదని ఇంకో బండికి పోలేడు గదా. అందుకే ఆ ధర అంత కాలం దిగలేదు.

మనదేశంలో సెల్‌ఫోను 1995 జులై 31న వచ్చింది. కలకత్తా నించి జ్యోతిబసుగారు ఢిల్లీలో సుఖ్‌రాంగారితో మాట్లాడారు. నిమిషానికి పదహారు రూపాయల దాకా అయ్యే రోజులవి. అవతలివాళ్ళు చేసిన కాలుకి కూడా మనమే ఇచ్చుకోవాలి! ఆ వింత 2003 మే 1తో పోయింది. కాని దేశం దాటితే మాత్రం వచ్చిన కాలుకి డబ్బు కట్టటమనే ఆచారం చాలాకాలం అలాగే సాగింది.

మార్పు వచ్చింది యూరపులో. వెళ్ళినవాళ్ళకి బేరం లేదు కాబట్టి వాళ్ళ బదులు బేరమాడే బాధ్యత ప్రభుత్వాలు తీసుకున్నాయి. 2007లో పై హద్దు పెట్టి, ఏటేటా తగ్గిస్తూ వచ్చి, 2017 జూన్ 15న యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య రోమింగు చార్జీ ఎత్తేశారు. పారిస్‌లో కొన్న సిమ్ముతో రోములో మాట్లాడినా ఒకటే ధర. ప్యాకేజీ టూర్లో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: స్విట్జర్లాండు ఆ కూటమిలో లేదు. ఆ మంచుకొండల మీద నించి ఫోటోలు పంపించే ముందు మీ సిమ్ము అక్కడ చెల్లుతుందో లేదో చూసుకోవాలి.

"ఇదంతా మా అల్లుడు చూసుకుంటాడులే" అంటారా? మొయినాబాద్ దగ్గర పల్లె నించి కూతురి పురిటికి అమెరికా వెళ్ళిన ఒకావిడ సంగతి చెబుతాను వినండి. ఒంటరి ప్రయాణం, మధ్యలో విమానం మారాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయింది. ఫోను తెరిస్తే ఉలుకూ పలుకూ లేదు, రోమింగు ఇక్కడ వుండగానే పెట్టించుకోవాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పోనీ విమానాశ్రయంలో వూరికే ఇచ్చే వైఫై పట్టుకుందామంటే, దానికి నంబరు కొట్టాలిట, ఆ నంబరుకి ఎస్సెమ్మెస్ వస్తుందిట. నంబరు పలకదనే గదా ఆ వైఫై కావలసి వచ్చింది! మాత్రల డబ్బాలో కూతురు నంబరు రాసిన చీటీ పెట్టుకుంది కాబట్టి, తెలుగు మాట వినిపించిన ఒక చదువుకునే పిల్ల ఫోను అడిగి మాట్లాడింది. ఆ రెండు గంటలూ అక్కడ కూతురు నిండు నెలలతో పడిన కంగారు ఏ రేటుకార్డులోనూ రాయరు.

అందుకే నేను చెప్పేది, పచ్చళ్ళతోబాటు ఈ జాగ్రత్తలు కూడా కట్టుకోండని. దారులు మూడున్నాయి. మన సిమ్ముకే రోజుల లెక్కన రోమింగు ప్యాకు వేయించుకోవటం ఒకటి, పదిరోజుల ప్రయాణానికీ మధ్యలో దిగే వూళ్ళకీ ఇది హాయి. అక్కడి సిమ్ము కొనుక్కోవటం రెండోది, ఆరునెలలు వుండేవాళ్ళకి ఇదే చవక. చాలాచోట్ల పాస్‌పోర్టు అడుగుతారు, దగ్గర పెట్టుకోండి. మూడోది ఇ-సిమ్. ఇక్కడ వుండగానే కొనుక్కుని, దిగగానే వాడుకోవచ్చు, కాని మీ ఫోను దానికి పనికొచ్చేదై వుండాలి. మన పాత మీటల ఫోన్ని నమ్ముకుని అమెరికా వెళ్ళకండి. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో 3జిని కూడా మూసేశాయి.

ఏ దారి పట్టినా మన నంబరు పోగొట్టుకోకూడదు. బ్యాంకు ఓ.టి.పి. వచ్చేది దానికే గదా. రోమింగు వుంటే ఎస్సెమ్మెస్ రావటానికి సాధారణంగా డబ్బు పడదు. అసలు వాడకుండా మూణ్ణెల్లు వదిలేస్తే నంబరే పోయే ప్రమాదముంది, కాబట్టి రీచార్జి ఇక్కడ ఎవరికైనా అప్పగించి వెళ్ళండి. ప్యాకు లేకపోతే డేటా రోమింగు అనే మీట విమానమెక్కేముందే ఆపెయ్యండి. లేకపోతే మీరు నిద్రపోతున్నా ఫోను నిద్రపోదు, మనవడి ఫోటోలు తనే దింపుకుంటూ బిల్లు పెంచుతుంది. నంబర్లు మాత్రం కాయితం మీద రాసుకోండి. కాయితానికి చార్జింగు అక్కర్లేదు, రోమింగూ అక్కర్లేదు.

ఇదంతా డబ్బు ఆదా కోసమే అనుకోకండి. పురిటికి వెళ్ళిన తల్లి అల్లుడు ఆఫీసు నించి వస్తే గాని వూళ్ళో వున్న భర్తతో మాట్లాడలేకపోతే, ఆవిడ ఆ ఇంట్లో ఎంత పని చేసినా, ఎన్ని వంటలు చేసినా, మాటకి మాత్రం ఒకరిమీద ఆధారపడ్డ మనిషే. ఉగ్గు కలిపే చేతికి తన ఫోను తనకుండాలి. వీధిలోకి నాలుగు బండ్లు రావటానికి మనదేశంలో 1976 నించి 2002 దాకా పట్టింది. అవి వచ్చి గుమ్మంలో నిలబడ్డాక కూడా మొదటి బండివాడు చెప్పిన ధరే ఇచ్చి వచ్చామంటే, చేవెళ్ళ బూతులో వేళ్ళమీద మాటలు లెక్కపెట్టుకున్న ఆ పెద్దావిడే మనల్ని చూసి నవ్వుతుంది.